నెమలికి చలిజ్వరం: గ్రీజ్ పెన్సిల్‌లో కలంకారీ గీత కోసం పడ్డ పాట్లు

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒక కుటుంబం వాళ్ళు తమ షాపు పేజీలో పెట్టుకోవడానికి చిన్న వీడియో చేసివ్వమన్నారు. ఖాళీ బట్ట మీద గీత మొదలవ్వాలి, నెమలి తయారవ్వాలి, రంగులు పడాలి, ఆఖర్న అది ఒకసారి మెడ తిప్పి చూడాలి, మొత్తం కలిపి అర నిమిషం దాటకూడదు. షాపు చూసుకునే అక్క నాకు ముందే తెలుసు, వాళ్ళ మామగారు ఇప్పటికీ రోజూ కలం పట్టుకుని కూర్చుంటారు. నేను తిరుపతిలో ఉంటాను, పెళ్ళి ఇన్విటేషన్ వీడియోలు, స్వీట్ షాపుల యాడ్‌లు, ఇవే నాకు కూడు పెట్టే పనులు, కాబట్టి చేత్తో గీసి కదిలించే పని అనగానే రేటు కూడా సరిగ్గా మాట్లాడకుండా ఒప్పేసుకున్నాను.

ఆ పనిలో గీతకు స్టైల్ ఎట్లా కుదిరింది, ఏ ఎఫెక్ట్ ఉంచాను, ఏది పీకేశాను అన్నది రాస్తున్నాను. పని చేసింది బ్లెండర్ అనే ఉచిత త్రీడీ, యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, అందులో గీతలు గీసి కదిలించే టూల్ పేరే గ్రీజ్ పెన్సిల్. బ్లెండర్ కొద్దో గొప్పో తెలిసినవాళ్ళకు ఎక్కువ పనికొస్తుంది, తెలియనివాళ్ళు బటన్ల పేర్లు వచ్చినచోట దాటేసి చదువుకోండి.

ముందు ఓపెన్‌టూన్జ్ అనే టూడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూశాను. 2016లో ఓపెన్ సోర్స్ అయింది, ఉచితం. అందులో గీతల స్టైల్ మార్చడం చాలా హాయి, ప్యాలెట్‌లో ఒక స్టైల్ మారిస్తే దాంతో గీసిన గీతలన్నీ అన్ని ఫ్రేముల్లోనూ మారిపోతాయి. కానీ నాకు కావలసింది గీత తనంతట తాను సాగుతూ పోవడం, అదీ నేను గీసినప్పుడు నా చెయ్యి ఎంత వేగంగా కదిలిందో అదే వేగంతో. బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్‌కు బిల్డ్ అని ఒక మాడిఫయర్ (అసలు గీతను చెరపకుండా పైనుంచి మార్పు చేసేది) ఉంది, అందులో టైమింగ్ దగ్గర నేచురల్ డ్రాయింగ్ స్పీడ్ పెడితే సరిగ్గా ఆ పనే చేస్తుంది. అందుకే అటు వెళ్ళాను.

గ్రీజ్ పెన్సిల్ 2008లో త్రీడీ సీన్ మీద నోట్స్ గీసుకోవడానికి వచ్చిన చిన్న టూల్. 2019లో 2.80 వెర్షన్‌తో అది సొంతంగా ఒక ఆబ్జెక్ట్ అయింది, మాడిఫయర్లూ ఎఫెక్ట్‌లూ తగిలించుకోవడానికి వీలు దొరికింది. 2024 నవంబర్‌లో వచ్చిన 4.3లో దాన్ని లోపలినుంచి తిరగరాశారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, యూట్యూబ్‌లో కనిపించే పాఠాల్లో పాతవి చాలా ఉంటాయి, వాటిలో బ్రష్‌లు ఒకచోట ఉంటే మన దగ్గర ఇంకోచోట అసెట్లుగా ఉంటాయి, వాళ్ళు థిక్‌నెస్ అన్నది మనకు రేడియస్ అని కనిపిస్తుంది. వీడియో ఏ వెర్షన్‌దో ముందు చూసుకుని మొదలుపెట్టండి, సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

గీయడానికి ముందు కాళహస్తికి వెళ్ళి పెద్దాయన పని చేస్తుంటే చూశాను. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే, రేణిగుంట, ఏర్పేడు మీదుగా బస్సులకు కొదవ లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు కాళహస్తి తిరుపతి జిల్లాలోకి వచ్చింది కానీ అక్క ఇప్పటికీ అడ్రసులో చిత్తూరు జిల్లా అనే రాస్తుంది, పార్సిల్ ఎట్లాగూ చేరుతోంది కదా అంటుంది.

అక్కడ చూసినదే ఈ పనికంతా ఆధారం. వెదురు పుల్ల మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట సిరాను పీల్చి పట్టుకుంటుంది. గీసేటప్పుడు వేళ్ళతో చుట్టను మెల్లగా నొక్కితే సిరా మొనకు దిగుతుంది. అంటే గీత లావూ సన్నమూ మొనను బట్టకేసి అదిమినందువల్ల వచ్చేవి కావు, వేళ్ళ దగ్గర ఎంత సిరా వదిలారన్న దాన్నిబట్టి వస్తాయి. మనమేమో ట్యాబ్లెట్ మీద పెన్నును నొక్కుతాం. నొక్కగానే గీత ఠపీమని లావవుతుంది, వదలగానే సూదిలా అయిపోతుంది. కామిక్ పుస్తకాల గీతకు అది బాగుంటుంది, కలం గీత అట్లా ఉండదు. చాలా దూరం దాదాపు ఒకే లావుతో వెళ్ళి, మలుపులో మాత్రం కొంచెం ఒళ్ళు చేసి, మళ్ళీ సర్దుకుంటుంది.

అందుకని బ్రష్‌లో రేడియస్‌కు ఉన్న ప్రెషర్ కర్వ్‌ను బాగా చదును చేశాను. చాలా తేలిగ్గా నొక్కినా దాదాపు డెబ్బై శాతం లావు వస్తుంది, గట్టిగా నొక్కితే మిగతా ముప్పై. స్ట్రెంగ్త్‌కు ప్రెషర్ పూర్తిగా ఆపేశాను. స్ట్రెంగ్త్ అంటే గీత ఎంత చిక్కగా పడాలన్నది. కలంలో అది చేతి ఒత్తిడి మీద కాదు, సిరాలో ముంచి ఎంతసేపయిందన్న దాని మీద ఉంటుంది. ముంచగానే వేసిన గీత తడిగా చిక్కగా ఉంటుంది, ఆ తర్వాతవి ఒక్కోటీ పలచబడతాయి, మళ్ళీ ముంచగానే చిక్కన. దీనికి రెడీమేడ్ బటన్ ఏదీ దొరకలేదు, చేత్తోనే చేశాను: షిఫ్ట్ ఎఫ్ నొక్కితే స్ట్రెంగ్త్ మారుతుంది కదా, నిండుగా పెట్టి మొదలుపెట్టడం, కొన్ని గీతలకోసారి కాస్త తగ్గించడం, బాగా పలచబడ్డాక మళ్ళీ నిండుగా పెట్టడం. మొదట్లో విసుగనిపిస్తుంది, తర్వాత చెయ్యే అలవాటు పడిపోతుంది. మొత్తం పనిలో గీతకు ప్రాణం పోసినది ఇదేనని నా అభిప్రాయం, ఆ తర్వాత తగిలించిన మాడిఫయర్లన్నీ దీనికి సాయం మాత్రమే.

ఈ దశలో పెన్ను ప్రెషర్ అసలు పట్టకపోతే కంగారు పడకండి. విండోస్‌లో అయితే బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద ట్యాబ్లెట్ ఏపీఐ అని ఉంటుంది, అక్కడ విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ రెండింటిలో ఏది పనిచేస్తే అది ఎంచుకోండి. చాలామంది కొత్త పెన్ను కొనేదాకా వెళ్ళిపోతారు.

స్టెబిలైజర్ గురించి ఒక మాట. నెమలి మెడ, వీపు లాంటి పొడుగాటి వంపులకు స్టెబిలైజ్ స్ట్రోక్ ఆన్ చేసుకున్నాను, పెన్నును వెనకనుంచి ఎవరో నెమ్మదిగా లాగుతున్నట్టుంటుంది, వంపు నునుపుగా వస్తుంది. ఈకల్లోని పొట్టి గీతలకు మాత్రం ఆపేశాను. అన్నిటికీ ఒకే నునుపు పెడితే మొత్తం బొమ్మ స్టిక్కర్‌లా తయారవుతుంది.

ఇక ఎఫెక్ట్‌ల సంగతి. చేత్తో గీసినట్టు కనిపించాలంటే నెట్‌లో ఎక్కువమంది చెప్పే మందు నాయిస్ మాడిఫయర్. అది వేసి, పొజిషన్ కాస్త పెంచి, రెండు ఫ్రేములకోసారి మారేట్టు పెడితే గీతంతా సన్నగా కదులుతూ ఉంటుంది. పెన్సిల్‌తో ఒక్కో ఫ్రేమూ మళ్ళీ గీసిన పాత యానిమేషన్‌లో వచ్చే కదలిక అది. చూడగానే బాగుంటుంది కూడా. ఆ టెస్ట్ వీడియోను అక్కకు వాట్సాప్‌లో పంపితే ఆమె మామగారికి చూపించిందట. ఆయన ఫోన్ తీసుకుని నాతోనే మాట్లాడారు.

"ఏంమ్మా, ఆ నెమిలికి చలిజొరమా? గీత అట్లా వణకతా ఉండాదే?"

"అది చేత్తో గీసినట్టుంటుందని పెట్టినాను తాతా."

"చేత్తోనే కదమ్మా నేనూ గీస్తా ఉండేది. యాభై ఏండ్లాయ, నా చెయ్యి ఎప్పుడన్నా అట్ల వణికిందా?"

దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు, ఆయన చెప్పినదాంట్లోనే కావాల్సిన సమాచారమంతా ఉంది. కలం గీతలో చెయ్యి తడబడదు. సిరాయే హెచ్చుతగ్గులవుతుంది. నాయిస్ మాడిఫయర్‌లో పొజిషన్ ఒక్కటే ఉండదు, స్ట్రెంగ్త్, థిక్‌నెస్, యూవీ అని విడివిడిగా ఉంటాయి. పొజిషన్ సున్నా చేశాను. స్ట్రెంగ్త్ కొంచెం, థిక్‌నెస్ అంతకంటే తక్కువ. నాయిస్ స్కేల్ తగ్గించాను, హెచ్చుతగ్గులు దగ్గరదగ్గరగా గరగరలాడకుండా పొడుగ్గా సాగేట్టు. రాండమైజ్ టిక్ తీసేశాను, అంటే ఆ మచ్చలు ఫ్రేము ఫ్రేముకూ మారకుండా ఉన్నచోటే ఉంటాయి. బట్టలో ఇంకిన సిరా మచ్చ ఎక్కడికి పోతుంది మరి. ఇట్లా చేశాక గీత నిశ్చలంగా ఉంటూనే, దగ్గరగా చూస్తే ఒకచోట చిక్కన, ఒకచోట పలచన. వణుకును చేతిపనికి గుర్తుగా వాడటం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది లేకుండా కూడా గీత చేత్తో వేసినట్టే ఉంటుందని నమ్మడానికి నాకు కొంత టైం పట్టింది.

మెటీరియల్‌లో ఇంకో చిన్న విషయం. స్ట్రోక్ కింద సెల్ఫ్ ఓవర్‌ల్యాప్ అని ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అంటే ఒక గీత తన మీద తానే దాటినా ఆ కలిసినచోట ముదురు కాదు. సిరా అట్లా ఉండదు కాబట్టి ఆన్ చేశాను. టెక్స్చర్ పెట్టి బ్రష్ మరకలు తెచ్చుకునే ఏర్పాటు కూడా అక్కడే ఉంది, లైన్ బదులు డాట్స్ ఎంచుకుంటే ఒక్కో పాయింటు దగ్గర ఒక్కో ముద్ర పడుతుంది. బొగ్గు గీతకు దాన్నే వాడాను. కలంకారీలో మొదటి స్కెచ్ కాల్చిన చింతపుల్లల బొగ్గుతో వేస్తారు, దాని మీద కలంతో దిద్దుతారు. కాబట్టి వీడియోలోనూ ముందు బొగ్గు లేయర్ గబగబా రావాలి, తర్వాత నల్ల గీత నింపాదిగా దాని మీదుగా నడవాలి.

అసలు ఎక్కువ కాలం పట్టించిన ఎఫెక్ట్ నలుపుది. బట్టను ముందే కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. నల్ల సిరా అంటే బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుము వేసి చాలా రోజులు పులియబెట్టినది. కరక్కాయలో టానిన్ ఉంటుంది, సిరాలోని ఇనుము దానితో కలిసి నల్లబడుతుంది. పాలల్లోని కొవ్వు వల్ల సిరా పక్కలకు పాకదు. గీత వేసిన క్షణంలో అంత నలుపుండదు, గాలి తగిలేకొద్దీ చిక్కబడుతుంది. ఇది కళ్ళారా చూశాక, వీడియోలో గీత పుట్టుకతోనే నల్లగా వస్తే నాకే అబద్ధంగా అనిపించింది.

చేసిన పద్ధతి ఇది. బిల్డ్ మాడిఫయర్‌లో ఫేడ్ అని ఒక భాగం ఉంది. మామూలుగా దాన్ని గీత కొస సన్నగా మొదలవ్వడానికి వాడతారు. అందులో థిక్‌నెస్, ఒపాసిటీ రెండూ సున్నా చేసి, వెయిట్ అవుట్‌పుట్ దగ్గర ఒక వర్టెక్స్ గ్రూప్ (గీతలోని ఒక్కో పాయింటుకు ఎంత బరువో రాసి ఉంచే జాబితా) ఇచ్చాను. దాంతో కొత్తగా పుడుతున్న గీత భాగానికీ, పాతబడ్డ భాగానికీ బిల్డే బరువులు రాసిపెడుతుంది. దాని కింద రంగు మార్చే టింట్ మాడిఫయర్ పెట్టి, అదే గ్రూప్‌ను చూపించి, రంగు పలచటి బూడిద గోధుమ ఇచ్చాను. ఇప్పుడు కొస దగ్గర గీత పలచగా పుట్టి, కలం ముందుకు వెళ్ళేకొద్దీ వెనకాల నల్లబడుతూ వస్తుంది. ఎంత దూరం వెనక నల్లబడాలో ఫేడ్‌లోని ఫ్యాక్టర్ చెప్తుంది. రంగు తిరగబడి కనిపిస్తే టింట్‌లో గ్రూప్ పక్కన ఇన్వర్ట్ నొక్కండి. టింట్ తప్పనిసరిగా బిల్డ్ కింద ఉండాలి, మాడిఫయర్లు పైనుంచి కిందికి నడుస్తాయి కాబట్టి బిల్డ్ బరువులు రాశాకే టింట్ వాటిని చదవగలదు.

బిల్డ్ సీక్వెన్షియల్‌లో గీతలు మీరు గీసిన వరుసలోనే వస్తాయి. నేను నెమలి తోక ముందు గీసుకున్నాను, పెద్దాయన ఎప్పుడూ ముఖం దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతారు. ఎడిట్ మోడ్‌లో అరేంజ్ ఆప్షన్లతో వరుస మార్చుకోవచ్చు, వెనకనుంచి ముందుకు గీసిన గీతను స్విచ్ డైరెక్షన్‌తో తిప్పుకోవచ్చు. లేయర్లు ఎక్కువుంటే అన్నీ ఒకేసారి మొదలైపోతాయి, అందుకని లేయర్‌కో బిల్డ్ పెట్టి, ఒక్కోదానికీ స్టార్ట్ డిలే వేరుగా ఇవ్వాలి. నేచురల్ స్పీడ్ పెట్టినప్పుడు మ్యాగ్జిమమ్ గ్యాప్ కూడా చూసుకోండి, లేకపోతే మధ్యలో మీరు టీ తాగడానికి లేచిన టైం కూడా వీడియోలోకి వచ్చేస్తుంది!

రంగులు తొందరగానే అయిపోయాయి, ఒక్క ఎరుపు తప్ప. నా ప్లాన్‌లో ఎరుపు కూడా కుంచెతో నింపినట్టు రావాలి. అక్క ఒప్పుకోలేదు. ఎరుపు కావాల్సినచోట ముందు పటిక నీళ్ళు పూస్తారు, దానికి పెద్దగా రంగుండదు, ఆ తర్వాత బట్ట మొత్తాన్ని మొక్క వేర్ల నుంచి తీసిన రంగు నీళ్ళలో ఉడకబెడితే పటిక పూసినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. "నువ్వు పూసినట్టు చూపిస్తే మా ఊరోళ్ళే నవ్వుతారు చెల్లీ" అంది. కాబట్టి ఎరుపు ఫిల్‌లన్నీ ఒక లేయర్‌లో పెట్టి, ఒపాసిటీ మాడిఫయర్‌తో ఒక్కసారే అన్నిచోట్లా నెమ్మదిగా తేలేట్టు చేశాను. దానికి ముందు కొన్ని ఫ్రేములు పటిక తడి మాత్రం కనీకనపడకుండా. కరక్కాయ పువ్వు పసుపూ, నీలిమందు నీలమూ మాత్రం కలంతో పూసేవే, అవి గీతలు గీతలుగా వస్తాయి. చూసేవాళ్ళలో నూటికి తొంభై మంది ఈ తేడా గమనించరు, కానీ నా కంటికి ఆ ఎరుపు తేలే చోటే వీడియో మొత్తంలో బాగున్న ఘట్టం.

మెరుపు గొడవ కూడా ఒకటి జరిగింది. అక్కవాళ్ళ అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు, "అక్కా, ఔట్‌లైన్‌కి గ్లో పెట్టు, రీల్స్‌లో అదే నడుస్తోంది" అని ఒకటే పోరు. గ్రీజ్ పెన్సిల్‌లో గ్లో, బ్లర్, షాడో, రిమ్, వేవ్ డిస్టార్షన్ లాంటివి విజువల్ ఎఫెక్ట్స్ ట్యాబ్‌లో ఉంటాయి. మాడిఫయర్లకూ వీటికీ తేడా ఏంటంటే మాడిఫయర్లు గీతలోని పాయింట్లను మారుస్తాయి, లేయర్ ప్రకారం, మెటీరియల్ ప్రకారం వేసుకోవచ్చు. ఈ ఎఫెక్ట్‌లు ఆబ్జెక్ట్ మొత్తం గీసేశాక వచ్చిన చిత్రం మీద పనిచేస్తాయి, ఒక లేయర్‌కే కావాలంటే దాన్ని వేరే ఆబ్జెక్ట్‌గా విడదీయాల్సిందే. గ్లో ఒక్కటి ఫలానా రంగుకే అని ఎంచుకోనిస్తుంది, పసుపుకు పెట్టి చూపించాను. నెమలి ఎల్‌ఈడీ సీరియల్ సెట్ కట్టినట్టు వెలిగింది. అబ్బాయికి తెగ నచ్చింది. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేశారు. చివరికి నెమలిని వదిలేసి, ఆఖర్న వచ్చే షాపు పేరును వేరే ఆబ్జెక్ట్ చేసి దానికి మాత్రం కొంచెం గ్లో ఇచ్చాను. ఇంట్లో శాంతి ముఖ్యం కదా.

మెడ తిప్పడం పాత పద్ధతిలోనే, 24 ఫ్రేములకు 12 బొమ్మలు, ఆనియన్ స్కిన్ (ముందూ వెనకా బొమ్మలు పలచగా కనిపించే ఏర్పాటు) పెట్టుకుని గీశాను. ఇక్కడ ప్రతి బొమ్మలో గీతలు కొత్తవి కాబట్టి నాయిస్‌లోని చిక్కదనం మచ్చలు బొమ్మ బొమ్మకూ వేరే చోట పడి మిణుకుమిణుకుమంటాయి. ఆ భాగానికి నాయిస్ బాగా తగ్గించేశాను. చేతిగీతల్లో సహజంగా వచ్చే కొద్దిపాటి కదలిక మాత్రం ఉండిపోయింది, నెమలి కదులుతోంది కాబట్టి ఈసారి పెద్దాయన జ్వరం మాట ఎత్తలేదు.

రెండర్‌లో, అంటే ఆఖరి వీడియో బయటికి తీసేటప్పుడు, ఒక్క సెట్టింగ్ తప్పక మార్చండి. బ్లెండర్ 4.0 నుంచి కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ ఏజీఎక్స్ అని ఉంటుంది, త్రీడీ వెలుతురుకు అది మంచిదే, టూడీ రంగులకు మాత్రం మనం ఎంచుకున్న ఎరుపు ఎరుపులా రాదు, తెలుపు పూర్తి తెల్లగా రాదు. స్టాండర్డ్ పెట్టుకోవాలి. నాకు ఇది మరీ అవసరమైంది, ఎందుకంటే నేను నెమలిని తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద రెండర్ చేసి, కరక్కాయ పట్టించిన అసలు బట్ట ఫోటో మీద మల్టిప్లై మోడ్‌లో వేశాను. మల్టిప్లైలో తెలుపు మాయమైపోతుంది, రంగుల్లోంచి బట్ట నేత కనిపిస్తుంది. తెలుపు కాస్త బూడిదగా ఉన్నా బట్ట మొత్తం మురికి పట్టినట్టుంటుంది. బట్ట నేత కోసం సాఫ్ట్‌వేర్‌లో టెక్స్చర్ తయారుచేయాలని కూర్చోకండి, అక్క ఇచ్చిన అర మీటరు ముక్కను మిద్దె మీద మధ్యాహ్నం నీడలో పరిచి ఫోన్‌తో తీసినదే అన్నిటికంటే బాగా కుదిరింది.

వీడియో షాపు పేజీలో పెట్టేశారు. బ్రష్‌నూ, కలం మెటీరియల్‌నూ అసెట్‌గా మార్క్ చేసి దాచుకున్నాను. ఆ మాడిఫయర్ల వరుస ఉన్న ఖాళీ ఆబ్జెక్ట్‌ను కూడా వేరే ఫైల్‌లో ఉంచుకున్నాను, అప్పెండ్ చేసుకుంటే మళ్ళీ మొదటినుంచి పేర్చనక్కర్లేదు. ఇప్పుడు అక్క జీవవృక్షం అడుగుతోంది, ఆకులే వందల్లో ఉంటాయి, ఈసారి రేటు మాట్లాడుకున్నాకే మొదలుపెడతానని చెప్పాను.